అమ్మకు వచ్చిన మరుపు నాకూ వస్తుందా?

ప్రశ్న: పేరు వేయవద్దని కోరుతూ శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. సారాంశం ఇది. ఆమె వయసు 62 ఏళ్ళు. పుట్టిల్లు ఉద్దానంలోని ఒక పల్లె. తల్లి జీవితమంతా కొబ్బరి, జీడి తోటల్లో ఒళ్ళు వంచి పనిచేసిన మనిషి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోట నేలమట్టమయ్యాక, ఒంటరిగా ఉన్న తల్లిని ఈమె పట్టణంలో తాము ఉండే రెండో అంతస్తు వాటాకు తీసుకువచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ పెద్దావిడ వంటగది ఎటో తెలియక తడబడటం, చీకటి పడితే ‘ఇంటికి పోదాం’ అని పట్టుబట్టడం మొదలైంది. జ్ఞాపకం, ఆలోచన క్రమంగా సన్నగిల్లే డిమెన్షియా జబ్బు అని వైద్యులు తేల్చారు. నాలుగేళ్ళు కూతురే అన్నీ దగ్గరుండి చూసుకున్నారు. చివరికి ఆ తల్లి కూతురి ముఖం కూడా పోల్చుకోలేని స్థితిలో కన్నుమూశారు.

ఇప్పుడు ఈ పాఠకురాలికి తెలిసినవాళ్ళ పేర్లు నోట్లో నానుతూ బయటికి రావడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి రెండుసార్లు మరిచిపోయారు. తొమ్మిదేళ్ళుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు, రక్తపోటుకు మరొక మాత్ర వాడుతున్నారు. మోకాళ్ళు సలిపినప్పుడల్లా మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర వేసుకుంటారు. ఊళ్ళో ఉన్న అన్నగారు మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ చేయించుకుంటున్నారు.

బెంగళూరులో ఉన్న కుమారుడు తల్లి భయం విని ట్రెడ్‌మిల్ పంపించాడు. మొదటి రోజే ఆమె దాని మీద తూలి పడబోయారు, అప్పటి నుంచి దాని మీద దుప్పటి కప్పి ఉంది. యోగా తరగతిలో చేరమని కుమార్తె అంటుంది. వీధిలోని ముగ్గురు స్నేహితురాళ్ళు తెల్లవారుజామున అయిదున్నరకు కళాశాల మైదానానికి నడకకు వెళుతూ ఈమెను కూడా పిలుస్తున్నారు. 68 ఏళ్ళ భర్త మాత్రం ‘ఇంటిపని సాలదేటి? ఈ వయసులో బూట్లేసుకుని ఊరంతా తిరగాలేటి?’ అంటారు. సరిగ్గా ఆ వేళకే కుళాయి వస్తుంది, ఆయనకు కాఫీ కావాలి. ‘ఒళ్ళు విరుచుకుని పనిచేసిన మా అమ్మకే మతి పోయినప్పుడు నాకు ఈ వ్యాయామాలు ఏం చేస్తాయి? నేనే తెచ్చి నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం వల్ల ఆవిడకు అలా అయిందా? ఇంతమంది చెప్పేవాటిలో దేన్ని పట్టుకోవాలి?’ అని అడుగుతున్నారు.

సమాధానం: అమ్మా, మీరు అడిగినది నడకా, యోగానా, ట్రెడ్‌మిల్లా అని. అయితే ఆ ప్రశ్న వెనుక మరో రెండు ఉన్నాయని ఉత్తరం చదివితే అర్థమవుతుంది. అమ్మ విషయంలో తప్పు చేశానేమోనన్న బాధ ఒకటి, ఉదయం పూట ఒక గంట నాకు కావాలని ఇంట్లో గట్టిగా చెప్పలేకపోవడం మరొకటి. ఈ రెండూ తేలకపోతే వ్యాయామం గురించి నేను ఎంత రాసినా అది కూడా ఆ దుప్పటి కిందికే చేరుతుంది కనుక, ముందు అమ్మ సంగతి చూద్దాం.

డిమెన్షియాకు ఎక్కువగా కారణమయ్యే అల్జైమర్స్ వంటి జబ్బుల్లో మెదడులోని మార్పులు పైకి లక్షణాలు కనబడటానికి పదిహేను, ఇరవై ఏళ్ళ ముందే మొదలవుతాయి. కాబట్టి అమ్మ తోటలో చలాకీగా తిరుగుతున్న రోజుల్లోనే, తుపానుకు చాలా ముందే, అది మొదలై ఉండే అవకాశం ఎక్కువ. ఏళ్ళ తరబడి అలవాటైన చోట చేతులు వాటి పని అవే చేసుకుపోతాయి, కాళ్ళు వాటి దారి అవే పడతాయి కనుక లోపలి లోపం ఎవరికీ తెలియదు. కొత్త ఇల్లు, కొత్త మెట్లు, ముఖం తెలియని ఇరుగుపొరుగు ఎదురయ్యేసరికి అది ఒక్కసారిగా బయటపడుతుంది, చూసేవాళ్ళకు ఇల్లు మారడం వల్లే వచ్చినట్టు తోస్తుంది. కదలకుండా కూర్చోవడం వల్ల ఆవిడ కాళ్ళలో సత్తువ తగ్గి ఉండవచ్చు, తోట మీద దిగులు పెరిగి ఉండవచ్చు, అది కాదనను. కానీ రోజూ నడిపించి ఉంటే మతి నిలిచేదా అన్నదానికి ఆధారం లేదు. బ్రిటన్‌లో డిమెన్షియా ఉన్న 494 మందితో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. నెలల తరబడి క్రమబద్ధంగా వ్యాయామం చేయించిన వారిలో శరీర దారుఢ్యం మెరుగుపడింది గాని మరుపు ముదరడం ఆగలేదు. తుపాను తర్వాత నిలువ నీడ చూపించి, నాలుగేళ్ళు ఒంటిచేత్తో సేవ చేసిన కూతురు మోయవలసిన నింద ఇది కాదని నా అభిప్రాయం.

ఇక కష్టజీవి అయిన ఆవిడకే ఎందుకు వచ్చిందన్న ప్రశ్న. డిమెన్షియా మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో ఇచ్చిన నివేదికలో, మార్చుకోగలిగిన కారణాలు పద్నాలుగు ఉన్నాయనీ, అన్నిటినీ సరిదిద్దగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమనీ అంచనా వేశారు. శరీర శ్రమ లేకపోవడం ఆ పద్నాలుగింటిలో ఒకటి మాత్రమే. చిన్నప్పుడు చదువు లేకపోవడం, నడివయసులో అదుపు లేని రక్తపోటు, మధుమేహం, వినికిడి తగ్గడం, చూపు మందగించడం, ఒంటరితనం, దిగులు కూడా అందులో ఉన్నాయి. అమ్మకు బడి చదువు ఎంత దక్కింది? రక్తపోటు మొదటిసారి ఏ వయసులో చూపించారు? చెవులు సరిగా వినిపించేవా? వీటికి జవాబులు నాకన్నా మీకే బాగా తెలుసు. సగానికి మించిన భాగం ఇంకా ఎవరి చేతిలోనూ లేనిదని కూడా ఆ అంకె చెబుతోంది. పొట్టకూటి కోసం విశ్రాంతి లేకుండా చేసే చాకిరీకీ, తీరిక వేళ తన కోసం చేసుకునే వ్యాయామానికీ ఆరోగ్యం మీద ప్రభావం ఒకేలా ఉండదని చూపిన అధ్యయనాలు కూడా ఉన్నాయి.

తల్లికి వస్తే బిడ్డకు తప్పదని భయపడుతున్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. అయితే నడివయసులోనే మొదలై తరతరాలకు దిగే రకం చాలా అరుదు. డెబ్భై, ఎనభై ఏళ్ళ వయసులో వచ్చేదానికి వంశం ఒక కారణమే తప్ప తీర్పు కాదు.

మీ మరుపు గురించి, వ్యాయామం కన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంటుంది, ఆ లోటు వల్ల మరుపు, కాళ్ళలో తిమ్మిరి, తూలుడు రావచ్చు. ట్రెడ్‌మిల్ మీద తూలడానికి అది కూడా ఒక కారణమేమో చూడాలి. థైరాయిడ్ మందగించినా, నిద్ర చాలకపోయినా, పైకి తెలియని దిగులు ఉన్నా జ్ఞాపకం మొద్దుబారుతుంది. నాలుగేళ్ళు రాత్రింబవళ్ళు ఒక రోగిని చూసుకున్న మనిషికి నిద్ర, దిగులు రెండూ దెబ్బతిని ఉండటంలో వింత లేదు. ఇవన్నీ చికిత్సకు లొంగేవే. కనుక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళి బి12, థైరాయిడ్ పరీక్షలు, వినికిడి పరీక్ష చేయించమని అడగండి. పేర్లు గుర్తు రాకపోవడం ఈ వయసులో సాధారణమే. తెలిసిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్కలు చేయలేకపోవడం, అడిగినదే పదే పదే అడగడం, మీరు గమనించకపోయినా ఇంట్లోవాళ్ళు మార్పు గమనించడం వంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా నరాల వైద్యుణ్ణి కలవాలి.

ఆ పరీక్షలతో పాటే, మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు కూడా చేయించుకోండి. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు అంత ఎక్కువగా ఎందుకు ఉందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. మీరు అక్కడ పుట్టి పెరిగినవారు, తోడబుట్టిన అన్నగారికి జబ్బు ఉంది, పైగా మీకు మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్నాయి. ఇలాంటివారు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను డాక్టరు చెప్పకుండా షాపులో కొని వేసుకోవడం మూత్రపిండాలకు ప్రమాదం. ఆ మాత్ర పేరు డాక్టరుకు చూపించి, దాని బదులు ఏది వాడవచ్చో అడగండి. మోకాలి అరుగుదలకు తొడ కండరాలను బలపరచడం కూడా ఒక చికిత్సే కనుక, మనం మాట్లాడుకోబోయే వ్యాయామం నొప్పి మాత్రల అవసరాన్ని తగ్గించవచ్చు.

ఇప్పుడు మీ భర్తగారి వాదన. ఇంటిపని పని కాదని ఎవరూ అనలేరు, కదలకుండా కూర్చోవడం కన్నా అది ఎంతో మేలు. అయితే గుండె, ఊపిరితిత్తులు కాసేపైనా ఆగకుండా కాస్త గట్టిగా పనిచేయాలి. వంటింట్లో పని అలా సాగదు, నాలుగు అడుగులు వేయడం, నిలబడటం, మళ్ళీ వంగడం, అంతే. వ్యాయామం చేస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం ఉంటే అది తగిన వేగం అని వైద్యులు చెప్పే సులువైన గుర్తు. కూరలు తరుగుతూ మీరు కూనిరాగం తీయగలుగుతున్నారంటే ఆ పని ఈ లెక్కలోకి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఆ మోస్తరు వేగంతో శ్రమించాలి, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. 65 దాటినవారికి, అంటే మీ ఆయనకు, వారానికి మూడు రోజులు నిలకడ కోసం చేసే వ్యాయామాలు కూడా అందులో చేర్చారు. మన అమ్మమ్మలు ఏ వాకింగ్ చేశారని ఆయన అడగవచ్చు. వాళ్ళు బావి నుంచి నీళ్ళు మోశారు, దంపుళ్ళు దంచారు, సంతకు నడిచి వెళ్ళి వచ్చారు. ఆ పనులను కుళాయి, మిల్లు, ఆటో తీసుకున్నాయి.

వ్యాయామం మెదడుకు ఏం చేస్తుందన్న దాంట్లో ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పేవాళ్ళే నాకు తరచూ కనిపిస్తారు. అందుకని రెండు వైపులా చెబుతాను. అమెరికాలో 120 మంది పెద్దవాళ్ళలో సగం మంది చేత ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, రోజుకు నలభై నిమిషాల చొప్పున నడక సాగించారు. జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం వాళ్ళలో సుమారు 2 శాతం పెరిగిందనీ, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో తగ్గిందనీ 2011లో ప్రచురించారు. మరో అధ్యయనంలో 70 నుంచి 89 ఏళ్ళ వయసున్న 1,635 మందిలో ఒక జట్టు నడక, కాళ్ళ బలం, నిలకడ వ్యాయామాలు చేసింది, రెండో జట్టు ఆరోగ్య పాఠాలు విన్నది. మొదటి జట్టులో నడక కోల్పోయే ప్రమాదం 18 శాతం తగ్గింది, జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ళ మధ్య ఉన్న 1,260 మందితో జరిగిన అధ్యయనంలో ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు వంటివాటి అదుపు అన్నీ కలిపి రెండేళ్ళు నడిపితే ఆలోచనాశక్తిలో మెరుగుదల కనిపించింది, ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. వీటిని బట్టి నాకు తోచేది, మీ ఒంటికి వ్యాయామం చేసే మేలు మీద ఏ అనుమానమూ అక్కరలేదు, మెదడుకు మాత్రం అది రక్తపోటు, చక్కెర, వినికిడి, నలుగురితో మాటామంతీతో కలిసినప్పుడే ఎక్కువగా అక్కరకు వస్తుంది. మరుపు రాదని హామీ మాత్రం ఏ వ్యాయామమూ ఇవ్వదు.

మీ ముందున్న దారుల్లో స్నేహితురాళ్ళతో మైదానానికి వెళ్ళడంలో నాకు ఎక్కువ లాభం కనిపిస్తోంది. చదునైన మట్టినేల మోకాళ్ళకు సిమెంటు రోడ్డు కన్నా హాయి, పైగా అమ్మ పోయాక తగ్గిపోయిన మాటామంతీ కూడా తిరిగి మొదలవుతుంది. పిలవడానికి మనిషి వస్తే మానేయడం కూడా కష్టం. ఇబ్బందులు కూడా ఉన్నాయి. వానాకాలంలో మైదానం చిత్తడి అవుతుంది, వేసవిలో మన కోస్తా ఉక్కకు ఏడు దాటితే ఒళ్ళు తట్టుకోదు, వాళ్ళ వేగం మొదట్లో మీకు అందకపోవచ్చు. మొదటి రెండు వారాలు పది, పదిహేను నిమిషాలతో సరిపెట్టి నెమ్మదిగా పెంచుకోండి. గ్లిమిపిరైడ్ వాడేవారికి ఖాళీ కడుపుతో నడిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంటుంది కనుక బయలుదేరే ముందు ఏం తినాలో డాక్టరును అడగండి, కొంగున నాలుగు చక్కెర పలుకులో బిళ్ళలో కట్టుకోండి. మధుమేహం ఉన్న పాదాలకు చెప్పుల కన్నా బూట్లే రక్ష. చీర మీద బూట్లు వేసుకుంటే ఎవరో నవ్వుతారనుకుంటే, కాలి పుండు మానక ఆసుపత్రి చుట్టూ తిరిగినవాళ్ళను ఒకసారి తలచుకోండి. నడుస్తుండగా ఛాతీలో నొప్పి, బిగువు, కళ్ళు తిరగడం, మామూలుగా లేని ఆయాసం వస్తే అక్కడే ఆగి సాయం పిలవాలి.

ట్రెడ్‌మిల్‌ను పారేయనక్కరలేదు. వానరోజుల్లో అది పనికివస్తుంది, కానీ తూలుడుకు కారణం తేలేదాకా దాని జోలికి వెళ్ళవద్దు. తేలాక కూడా ఇంట్లో మరో మనిషి ఉన్నప్పుడు, అన్నిటికన్నా తక్కువ వేగంతో, పక్క కడ్డీలు పట్టుకుని మొదలుపెట్టండి. ఒంటరిగా గోడను చూస్తూ నడవడం నచ్చేవాళ్ళు తక్కువ. మీకు నచ్చకపోతే అది మీ లోపం కాదు.

యోగా విషయంలో మీ అమ్మాయి చెప్పింది మంచి మాటే. నిలకడ, కీళ్ళ సులువు, నిద్ర, మనసు కుదుటపడటం దాని వల్ల కలిగే లాభాలు. నెమ్మదిగా చేసే ఆసనాల్లో మాత్రం ఆయాసం వచ్చేంత శ్రమ ఉండదు కనుక నడకకు అది తోడు అవుతుందే గాని బదులు కాదు. సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లి ఊళ్ళో పుట్టకపోయినా దాని పక్కనే ఉన్నందుకు సూర్య నమస్కారాలు చేయాలని చాలామందికి ఉంటుంది. మీ మోకాళ్ళతో, రక్తపోటుతో వాటిని గబగబా చేయడం తగదు. వజ్రాసనం, పద్మాసనం పట్టుబట్టి వేయించే గురువు దొరికితే మోకాళ్ళ సంగతి ముందే చెప్పండి. మీ వీధి గుడిలో కోలాటం నేర్పుతున్నట్లయితే నేను దాన్ని కూడా ఆలోచించమంటాను. అడుగు, తాళం, పాట, పక్కమనిషి కర్ర, వరస మారడం అన్నీ ఒకేసారి గుర్తుంచుకోవాలి కనుక కాళ్ళతో పాటు బుర్రకు కూడా పని పడుతుంది. మన ప్రాంతంలో తప్పెటగుళ్ళు ఆడే నడివయసువాళ్ళ కాళ్ళ నిలకడ చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

మీ ఉత్తరంలో ఎవరూ ఎత్తని విషయం కండబలం. నడక ఒక్కటే దాన్ని కాపాడలేదు. నలభై దాటాక కండ మెల్లగా కరుగుతూ, అరవై తర్వాత ఆ కరుగుదల వేగం పెరుగుతుంది. కిందపడటం, తుంటి ఎముక విరగడం, పీట మీద నుంచి లేవలేకపోవడం చాలావరకు దీని ఫలితాలే. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళవాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయిస్తే వాళ్ళ తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. చాలా కొద్దిమందితో చేసిన అధ్యయనమే అయినా వయసు మించిపోయిందన్న మాటకు అది జవాబు. ఆడవాళ్ళకు బరువులేమిటని మీ వీధిలో ఎవరైనా అంటే, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తే కాంస్య పతకం తెచ్చిందని గుర్తుచేయండి. మీకు జిమ్ అక్కరలేదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో నుంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడను రెండు చేతులతో నెట్టడం, అరలీటరు నీళ్ళ సీసాలు భుజాల పైకి ఎత్తడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, అదే గట్టు పక్కన ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడే ప్రయత్నం చేయడం చాలు. వారానికి రెండు మూడు రోజులు చేయండి. ఊపిరి బిగబట్టవద్దు, రక్తపోటు పెరుగుతుంది. ఒక్కసారి ఫిజియోథెరపిస్టుకు చూపించుకుంటే మీ మోకాళ్ళకు ఏది తగునో చెబుతారు. కండకు మాంసకృత్తులు కూడా కావాలి. పప్పు, గుడ్డు, చేప ఎంత తినాలో క్రియాటినిన్ ఫలితం వచ్చాకే తేల్చుకోండి, అన్నగారికి పెట్టిన పత్యం మీకూ వర్తిస్తుందని ముందే అనుకోవద్దు.

మిగిలింది ఆ గంట. ఎవరికీ చెప్పకుండా రేపు అయిదున్నరకు బయలుదేరవచ్చు. నాలుగు రోజులు ముఖం మాడ్చుకున్నా ఆయనకే అలవాటు కావచ్చు, లేదా నీళ్ళు పట్టలేదన్న గొడవతో అయిదో రోజు మీరే మానేయవచ్చు. మీ స్వభావం ఉత్తరంలో కనిపించినంతవరకు, రెండోదే జరుగుతుందేమోనని నా అనుమానం. సాయంత్రానికి మార్చుకుంటే గొడవ ఉండదు, కానీ స్నేహితురాళ్ళ తోడు పోతుంది, టీవీ వేళ, దీపం వేళ, చుట్టాల రాక ఏదో ఒకటి అడ్డొస్తుంది. ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడటం కష్టమైన దారే అయినా ఎక్కువకాలం నిలిచేది అదే. మాటల్లో ‘ఆరోగ్యం’ అన్న పదం కన్నా అమ్మతో గడిచిన నాలుగేళ్ళను ఆయన ముందు పెట్టండి. ఆ రోజులు ఆయన కూడా చూశారు, మీరు మంచం పడితే మిమ్మల్ని చూసుకోవలసింది తానేనని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. రోజూ కాకుండా వారానికి నాలుగు రోజులని అడగండి. ఆ నాలుగు రోజులు బిందెలు ముందు రాత్రే సర్ది ఉంచితే కుళాయి దగ్గర ఆయన నిలబడగలరు, కాఫీ కాచుకోవడం 68 ఏళ్ళ వయసులో నేర్చుకోలేని విద్య ఏమీ కాదు. ఆయన కూడా నడకకు వస్తానంటే సంతోషమే, అయితే ఆయన కోసం మీ స్నేహితురాళ్ళను వదులుకోవద్దు. మైదానంలో ఆయన వేగం ఆయనది, మీ వేగం మీది.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజున ఆయన్ని తోడు రమ్మనండి. చేతులు ఆనించకుండా కుర్చీలో నుంచి లేవగలరో లేదో, రక్తపోటు, చక్కెర, వినికిడి ఎలా ఉన్నాయో ఆయనవి కూడా అదే రోజు చూపిస్తే, అబ్బాయి రాత్రి ఫోన్ చేసినప్పుడు ట్రెడ్‌మిల్ మీద వేసిన అడుగుల లెక్క బదులు ఇద్దరి పరీక్షల కాగితాలు ఫోటో తీసి పంపవచ్చు.